వేసవిలో బెంగళూరు: ముందు శ్రీరామనవమి కచేరీలు, ఆ తరువాతే మిగిలినవి

ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతోనూ, సంగీతమంటే ఇష్టపడే అమ్మానాన్నలతోనూ బెంగళూరులో ఉంటామని, మాల్స్, వినోద పార్కులు కాకుండా కళలకు సంబంధించి చూడదగినవి ఏమున్నాయో చెప్పమని మీరు అడిగారు. ఈ నగరం దక్షిణ భాగంలో ఏళ్ళ తరబడి నివసిస్తున్న తెలుగువాడిగా నేను చెప్పగలిగినది ఒకటే. ముందుగా శ్రీరామనవమి సంగీతోత్సవాల కార్యక్రమ పత్రిక సంపాదించి, మీ పెద్దలకు నచ్చిన విద్వాంసుల కచేరీలు ఏయే రోజుల్లో ఉన్నాయో చూసుకుని, మిగిలినవన్నీ వాటికి అడ్డు రాకుండా సర్దుకోండి. సంగీతం విషయంలో చెన్నైకి మార్గశిరం ఎలాంటిదో బెంగళూరుకు చైత్రం అలాంటిది. ఇక్కడికి ఉద్యోగాల కోసం వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఈ ఉత్సవాలలో పెద్దది చామరాజపేటలో, ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామసేవా మండలి జరిపేది. ఎస్.వి. నారాయణస్వామి రావు 1939లో ప్రారంభించిన ఈ ఉత్సవం ఇప్పటికీ ఇంచుమించు నెల రోజుల పాటు సాగుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వంటివారు పాడిన వేదిక ఇది. కర్ణాటక సంగీతంతో పాటు హిందుస్తానీ కచేరీలూ ఉంటాయి కాబట్టి మీ ఇంట్లో ఎవరి అభిరుచి ఎటువైపు ఉన్నా ఇబ్బంది లేదు. ప్రధాన కచేరీలు సాయంత్రం పూట మొదలై దాదాపు మూడు గంటలు నడుస్తాయి. వీటికి టిక్కెట్టు ఉంటుంది. ఒకటి రెండు కచేరీలు వినేవారు ఏ రోజుకారోజు టిక్కెట్టు కొనుక్కుంటే చాలు గానీ, మీ అమ్మానాన్నలు నెలంతా ఇక్కడే ఉంటారు కాబట్టి వారికి ఉత్సవం మొత్తానికి కలిపి ఇచ్చే టిక్కెట్టు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే పేరు వినని యువ విద్వాంసుల కచేరీకి ప్రత్యేకంగా డబ్బు పెట్టి వెళ్ళడానికి మనం వెనకాడతాము, తీరా మనసులో నిలిచిపోయేది చాలాసార్లు ఆ కచేరీయే అవుతుంది.

తెలుగువారికి ఈ పందిరిలో మరొక సంతోషం ఉంది. త్యాగరాజస్వామి కీర్తనలు లేకుండా ఏ కర్ణాటక కచేరీ గడవదు కనుక, కన్నడ నగరం నడిబొడ్డున కూర్చుని సాయంత్రంలో సగానికి పైగా తెలుగు వింటారు. తెలుగు మాట్లాడడం రాని పెద్దవారు పక్క కుర్చీలో కూర్చుని, చరణం దగ్గర తప్పు లేకుండా గొంతు కలపడం నేను అనేకసార్లు విన్నాను. అందుకు బదులుగా మనమూ కొంచెం ఓపిక పట్టి, చివర వచ్చే పురందరదాసు దేవరనామాల (కన్నడ భక్తి కీర్తనల) వరకు కూర్చోవాలి. తని ఆవర్తనం, అంటే కచేరీ మధ్యలో తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలుకాగానే మృదంగ విద్వాంసుణ్ణి వదిలేసి కాఫీకి లేచిపోయే అలవాటు మాత్రం, ఈ ఊళ్ళో ఎంతమందికి ఉన్నా, దయచేసి మీరు చేసుకోవద్దు.

ఖర్చు లేకుండా వినాలనుకుంటే పేటపేటలోనూ రామమందిరాలు, భజన మండళ్ళు వేసే పందిళ్ళు ఉంటాయి. మల్లేశ్వరం, రాజాజీనగరం, జయనగరం వైపు సాయంత్రం పూట నడుచుకుంటూ వెళ్ళినా ఒకటైనా తగులుతుంది. నవమి నాడు అక్కడ పంచేది పానకం, మజ్జిగ, కోసంబరి. మన వడపప్పునే తురిమిన కొబ్బరి, కీర దోసకాయ ముక్కలు, పోపు వేసి కలిపితే ఇక్కడి కోసంబరి అవుతుందనుకోండి, పిల్లలు రెండోసారి కూడా చేయి చాపుతారు. బడి పుస్తకాల్లో మామిడి జల్లులని చదువుకున్న వాన ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములతో హఠాత్తుగా వచ్చిపడుతుంది కనుక, ఆకాశం ఎంత తేటగా ఉన్నా గొడుగు వెంట ఉంచుకోండి.

చైత్ర పౌర్ణమి రాత్రి జరిగే కరగ ఉత్సవం ఈ కచేరీలకు పూర్తిగా భిన్నమైనది. తిగళరపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి అర్ధరాత్రి ప్రాంతంలో బయలుదేరే ఈ ఊరేగింపును తిగళ కులస్థులు నిర్వహిస్తారు. ద్రౌపదిని ఆదిశక్తిగా కొలిచే ఈ ఉత్సవంలో కరగను, అంటే పూలతో అలంకరించిన కలశాన్ని, మోసే పూజారి స్త్రీ వేషం ధరించి, మల్లెలతో కప్పిన ఆ ఎత్తైన అలంకారాన్ని చేత్తో తాకకుండా తలమీదే నిలుపుకుంటూ పాతనగరం వీధుల్లో తెల్లవారేదాకా నడుస్తాడు. చుట్టూ వీరకుమారులనే కాపలాదారులు కత్తులు దూసి వెంట వస్తారు. ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి సాగడం ఆనవాయితీ. చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర వేసవిలో జరిగే భారత ఉత్సవాలను, దుర్యోధన వధను, అగ్నిగుండ ప్రవేశాన్ని చూసి పెరిగినవారికి ఇది తమ ఇంటి పండుగలాగే అనిపిస్తుంది. అయితే జనసమ్మర్దం విపరీతంగా ఉంటుంది. చిన్నపిల్లలను, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను ఆ రాత్రి తీసుకువెళ్ళమని నేను చెప్పను. వారిని ముందు రోజుల్లో పగటిపూట గుడికి తీసుకువెళ్ళి, రాత్రికి మీరు ఒక్కరే వెళ్ళండి. పౌర్ణమి కొన్ని సంవత్సరాల్లో ఏప్రిల్ తొలిరోజుల్లోనే వస్తుంది కాబట్టి ప్రయాణం ఖాయం చేసుకునే ముందు పంచాంగం చూసుకోవాలి.

పిల్లలకు కచేరీలు రోజూ నచ్చవు. వారి కోసం జె.పి. నగర్‌లోని రంగశంకర ఉంది. నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ స్మృతిలో అరుంధతీ నాగ్ పూనికతో 2004లో ప్రారంభమైన ఈ రంగస్థలం వేసవి సెలవుల్లో పిల్లల నాటకాలకు ప్రత్యేకంగా చోటిస్తుంది. ఇక్కడ నాటకం చెప్పిన సమయానికి మొదలవుతుంది, ఆ తరువాత ఎంతటివారినైనా లోపలికి రానివ్వరు. ఈ ఊరి ట్రాఫిక్‌లో అది కఠినమైన నియమమే అయినా నేను పూర్తిగా సమర్థిస్తాను, చీకట్లో కాళ్ళు తొక్కుకుంటూ వచ్చేవారు లేకుండా నాటకం చూడడం వేరు. గంట ముందే చేరుకుని అక్కడి క్యాంటీన్‌లో ఏదైనా తిని కూర్చోండి.

పగలు ఎండగా ఉన్నప్పుడు ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు భవనంలో ఉన్న జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు, కస్తూరిబా రోడ్డులో 2023లో తెరిచిన మ్యాప్ అనే చిత్ర, ఛాయాచిత్ర సంగ్రహాలయానికి వెళ్ళవచ్చు. మొదటిదానిలో చిత్రాలెంత బాగుంటాయో ఆవరణలోని చెట్ల నీడ అంతకన్నా బాగుంటుంది. మల్లేశ్వరం వెళ్ళినప్పుడు వయొలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య స్మారక భవనాన్ని పిల్లలకు బయటి నుంచైనా చూపించండి.

చామరాజపేట కచేరీలకు కారు తీసుకువెళ్ళకండి. మెట్రోలో కె.ఆర్. మార్కెట్ స్టేషన్‌లో దిగితే మైదానం దగ్గరే. రంగశంకరకు, పైన చెప్పిన రెండు ప్రదర్శనశాలలకు సోమవారం సెలవు, కనుక ఆ రోజు పగలు పెద్దలను విశ్రాంతి తీసుకోనిచ్చి సాయంత్రం నేరుగా కచేరీకి బయలుదేరండి.