బొమ్మ తుపాకి తీసుకెళ్లాడని పిల్లాణ్ని సస్పెండ్ చేస్తే ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ: అమెరికా వచ్చి ఏడాది కాలేదు. సెకండ్ గ్రేడ్ చదివే బాబు బొమ్మ పిస్టల్ ఒకటి బ్యాగులో వేసుకుని వెళ్లి రీసెస్‌లో ఫ్రెండ్‌కి చూపించాడు. సాయంత్రానికల్లా మూడు రోజుల సస్పెన్షన్ అని ఫోన్ వచ్చింది. క్షమించమని ఉత్తరం రాసి ఊరుకోవాలా, లాయర్ని పెట్టుకోవాలా, బాబుతో ఎలా మాట్లాడాలి, గ్రీన్ కార్డుకి ఏమైనా ఇబ్బందా అని అడిగారు.

చివరిది ముందు చెప్తాను, ఆ టెన్షన్‌తో మీకు నిద్ర పట్టి ఉండదు. బడి ఇచ్చే సస్పెన్షన్ క్రిమినల్ రికార్డు కాదు. పోలీసులు వచ్చి కేసు రాసుంటే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు తప్పకుండా లాయర్‌తో మాట్లాడండి. మీరు చెప్పినదాంట్లో అలాంటిదేమీ లేదు. కాబట్టి ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే. బడి ఇచ్చిన కాగితం తీసి, మీవాడు చేసినదాన్ని అక్కడ ఏమని రాశారో చూడండి.

మా అబ్బాయికీ ఇదే వయసులో ఇదే జరిగింది. ఎవరిదో బర్త్‌డేలో ఇచ్చిన నీళ్ల తుపాకి జాకెట్ జేబులో ఉండిపోయింది. నేను వెళ్లేసరికి దాన్ని జిప్ కవర్లో పెట్టి, వాడి పేరూ తేదీ రాసిన స్టిక్కర్ అంటించి ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఉంచారు. నా బొటనవేలంత ఉంటుంది. ఆకుపచ్చ ప్లాస్టిక్, ఇవతలి నుంచి అవతలికి కనబడుతుంది, లోపల ఇంకా నీటిచుక్కలు ఉన్నాయి. పక్కనున్న ఫారంలో మాత్రం ‘వెపన్’ అన్న గడిలో టిక్కు పెట్టారు. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడారు, సస్పెన్షన్ కూడా ఒక్కరోజే. నన్ను కలవరపెట్టింది ఆ టిక్కు. ఒక రోజు ఇంట్లో కూర్చుంటే అయిపోతుంది. రికార్డులో పడ్డ మాట మాత్రం వాడితోపాటే పై తరగతులకు వెళ్తుంది. రేపు మిడిల్ స్కూల్లో ఇంకేదో చిన్న గొడవైతే, వీణ్ని ఎరగనివాళ్లు ఆ ఫైలు తెరిచి ‘ఇంతకుముందు ఆయుధం తెచ్చినవాడు’ అని చదువుతారు.

అందుకే మేం సస్పెన్షన్ గురించి వాదించలేదు, ఆ గడి గురించే మాట్లాడాం. మీ ప్రాంతపు బళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో ‘కోడ్ ఆఫ్ కాండక్ట్’, అంటే పిల్లల ప్రవర్తన నియమాలు, ఉంటుంది, దాన్ని పూర్తిగా చదవండి. మా దాంట్లో ఆయుధం వేరు, నిజమైన ఆయుధంలా కనిపించేది వేరు, బడికి తేకూడని ఆటవస్తువు వేరు. మావాడిది మూడోదాని కిందికి వస్తుందని, వాళ్ల రూలులోని మాటల్నే ఎత్తిరాసి, ఫొటో జతచేసి ఈమెయిల్ పంపాం. మార్చడానికి కొన్ని వారాలు పట్టింది, కానీ మార్చారు.

ఈ మాటల తేడా చిన్నది కాదు. కాలిఫోర్నియా చట్టం ‘ఇమిటేషన్ ఫైర్ఆర్మ్’ ఉంటే సస్పెండ్ చేయొచ్చంటుంది. కానీ మామూలు మనిషి చూసి నిజమైన తుపాకే అనుకునేంతగా పోలి ఉంటేనే అది ఇమిటేషన్ అని అక్కడే రాసి ఉంది. మీ రాష్ట్రంలో రూలు ఎలా ఉందో చూసుకోండి, మీ బాబు బొమ్మ రంగు, సైజు దానితో పోల్చండి.

‘ఫెడరల్ చట్టం, మా చేతుల్లో ఏమీ లేదు’ అని ఎవరైనా అంటే కంగారు పడకండి. వాళ్లు చెప్పేది 1994 నాటి గన్ ఫ్రీ స్కూల్స్ యాక్ట్ గురించి. బడికి తుపాకి తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాది పాటు బహిష్కరించాలని అది చెప్తుంది. అయితే అది నిజమైన తుపాకుల గురించి, బొమ్మల గురించి కాదు. ఆ నిజమైన తుపాకుల విషయంలో కూడా, డిస్ట్రిక్ట్ పెద్ద అధికారి ఒక్కో కేసును విడిగా చూసి శిక్ష తగ్గించవచ్చని అదే చట్టంలో ఉంది.

మీకున్న హక్కులు రెండు గుర్తుపెట్టుకోండి. 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు, పది రోజుల లోపు సస్పెన్షన్‌కైనా పిల్లవాడికి ఆరోపణ ఏమిటో చెప్పాలి, వాడు కాదంటే తమ దగ్గరున్న ఆధారం ఏమిటో వివరించాలి, వాడి మాట వినాలి అంది. మీవాణ్ని ఎవరైనా కూర్చోబెట్టి ‘ఏం జరిగింది నాన్నా’ అని అడిగారా? అడక్కపోతే బడివాళ్లతో జరిగే మీటింగ్‌లో ఆ సంగతి తప్పకుండా ఎత్తండి. రెండోది ఫెర్పా, అంటే విద్యార్థుల రికార్డులకు సంబంధించిన ఫెడరల్ చట్టం. పిల్లవాడి ఫైలు చూపించమని మీరు అడగొచ్చు, 45 రోజుల్లోగా చూపించాలి. అందులో తప్పుగా ఉన్నదాన్ని సరిదిద్దమని కోరవచ్చు. వాళ్లు కుదరదంటే విచారణ అడగొచ్చు, అక్కడా కాదంటే మీ వివరణ ఒక పేజీ రాసి ఆ ఫైల్లోనే పెట్టించవచ్చు.

లాయర్ని ఇప్పుడే పెట్టుకోవద్దంటాను. ఎందుకంటే, 2013లో మేరీలాండ్‌లో ఒక ఏడేళ్ల పిల్లవాడు తింటున్న పేస్ట్రీని తుపాకి ఆకారంలో కొరికాడని రెండు రోజులు సస్పెండ్ చేశారు. దేశమంతా మాట్లాడుకున్న కేసు అది. కుటుంబం కోర్టుదాకా వెళ్లింది, 2016లో జడ్జి బడివైపే చెప్పారు. అంతకుముందు ఆ పిల్లవాడి ఫైల్లో ఉన్నవి కూడా అక్కడ లెక్కలోకి వచ్చాయి. ఇంకోవైపు 2009లో డెలావేర్‌లో, స్పూను, ఫోర్కు, చాకు కలిసున్న క్యాంపింగ్ వస్తువును లంచ్ తినడానికి తెచ్చుకున్న ఆరేళ్ల పిల్లవాణ్ని 45 రోజులు వేరే క్రమశిక్షణ బడికి పంపాలన్నారు. ఆ తల్లిదండ్రులు స్కూల్ బోర్డు ముందుకు వెళ్లారు, బోర్డు చిన్న తరగతుల పిల్లల కోసం రూలునే మార్చింది. బోర్డు మీటింగుల్లో మాట్లాడే అవకాశం సాధారణంగా ఎవరికైనా ఉంటుంది, దాన్ని వదులుకోకండి. వస్తువు పేరు చూసి శిక్ష వేసే ఈ ‘జీరో టాలరెన్స్’ వల్ల బళ్లు సురక్షితమయ్యాయనడానికి ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ టాస్క్ ఫోర్స్ 2008లోనే చెప్పింది. ఏడేళ్ల పిల్లవాడు ఏం తెచ్చాడన్నదానికంటే దాంతో ఏం చేశాడన్నది చూడాలని నేనూ గట్టిగా నమ్ముతాను. ఎవరికైనా గురిపెట్టాడా, బెదిరించాడా, నిజమైనదని చెప్పాడా? మీవాడు చూపించాడు, అంతే.

అయినా సరే, మీటింగ్‌లో ‘బొమ్మే కదండీ’ అని మాత్రం అనకండి. ఇప్పుడు నేను ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్‌కి అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. లాక్‌డౌన్ డ్రిల్ అప్పుడు, అంటే ఎవరైనా తుపాకితో బడిలోకి వస్తే ఎలా దాక్కోవాలో పిల్లలకు అలవాటు చేయించేటప్పుడు, లైట్లు ఆర్పి, తలుపుకి కనబడని మూలలో పిల్లల్ని కూర్చోబెడతాం. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. ‘మిస్, ఇది నిజమా?’ అని చెవిలో అడుగుతారు. అలాంటి పిల్లలకి పక్కవాడి బ్యాగులోంచి నల్లటి పిడి కనబడితే అది బొమ్మో కాదో ఆలోచించే ధైర్యం ఉండదు. పెద్దలకే ఉండదు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్ పార్కులో ప్లాస్టిక్ గుళ్ల తుపాకితో ఉన్న పన్నెండేళ్ల తమీర్ రైస్‌ను, పోలీసులు కారు దిగిన క్షణాల్లోనే కాల్చారు. అసలైనదానిలా కనిపించే బొమ్మలకు గొట్టం చివర నారింజ రంగు ముక్క ఉండాలని 1988లో చట్టం చేశారు. ఆ అబ్బాయి చేతిలోని దానికి ఆ ముక్క లేదు. మీ ఇంట్లో నల్లరంగు బొమ్మ తుపాకులు ఉంటే ఇవాళే తీసేయండి, బడి కోసమే కాదు, బయట ఆడుకునేటప్పుడు కూడా.

బాబుతో ఎలా మాట్లాడాలన్నారు. మావాడు ఆ రాత్రి ‘నేను బ్యాడ్ కిడ్‌నా?’ అని అడిగాడు. కాదని చెప్పి, ఎందుకు తేకూడదో వాడికి తెలిసిన మాటల్లో చెప్పాను: ‘దూరం నుంచి చూసేవాళ్లకి అది బొమ్మని తెలీదు, భయపడతారు.’ వాడికి అర్థమైంది. వాణ్ని పదేపదే అడగకండి, వాడి ముందు ఫోన్లో చుట్టాలకి చెప్పకండి.

మీటింగ్‌కి ముందే క్లాస్ టీచర్‌కి ఒక మెయిల్ పెట్టి, ఈ మూడు రోజుల క్లాస్‌వర్క్ పంపమని అడగండి. వాడు తిరిగి వచ్చే రోజు ఉదయం గుమ్మం దగ్గర పలకరించమని కూడా రాయండి. మావాడి టీచర్ అలాగే చేశారు, మావాడు ఏడవకుండా లోపలికి వెళ్లాడు. మీ కాగితంలో ఏ గడిలో టిక్కు పెట్టారో, మీది ఏ రాష్ట్రమో కింద రాస్తే మెయిల్ ఎలా రాయాలో చెప్తాను.