మాత్ర ఉండగా రేడియేషన్ ఎందుకు?

ప్రశ్న: నాన్నగారి ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకింది. గడ్డలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని రోజూ ఒసిమెర్టినిబ్ మాత్ర 80 మిల్లీగ్రాములు ఇస్తున్నారు. విశాఖలో రేడియేషన్ కూడా అంటున్నారు. రెండూ అవసరమా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఈ మాత్ర మెదడులోకి బాగానే చేరుతుందమ్మా. గడ్డలు చిన్నవై, బాధలేవీ లేకపోతే కొందరికి ముందు మాత్రతోనే చూస్తారు. పెద్దవైనా, ఫిట్స్ వస్తున్నా రేడియేషన్ వాయిదా వేయడం మంచిది కాదు. కొన్ని గడ్డలే ఉంటే వాటికే గురిపెట్టే స్టీరియోటాక్టిక్ పద్ధతి 1–5 సిట్టింగుల్లో అయిపోతుంది. తల మొత్తానికిస్తే మామూలుగా 10 సిట్టింగుల్లో 30 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం). మతిమరుపు బెడద దీంతోనే ఎక్కువ.

ఫిట్స్‌కు ఫెనిటోయిన్ రాస్తే మాత్రం ఒసిమెర్టినిబ్ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఫెనిటోయిన్ లివర్‌ను ఉసిగొల్పి, రక్తంలో ఒసిమెర్టినిబ్‌ను తగ్గించేస్తుంది. ఫిట్స్‌కే ఇచ్చే మరో మందు లెవెటిరాసెటామ్‌తో ఆ చిక్కు లేదు. మెదడు వాపుకిచ్చే డెక్సామెథసోన్ ఒక్కసారిగా మానకండి. పాత ఎమ్మారై సీడీలు విశాఖకు పట్టుకెళ్లండి.