ఆరు బాణాల పేజీని ఎవరు దిద్దాలి?

అమ్మాయీ,

వికీపీడియాలో నువ్వు రాస్తున్న కెమాలిజం పేజీ మీద, అంటే ఆధునిక టర్కీని స్థాపించిన అతాతుర్క్ సిద్ధాంతం గురించిన పేజీ మీద, గొడవ మొదలైందన్నావు. టర్కిష్ రానివాళ్లు ముట్టుకోవద్దని ఒకాయన, అతాతుర్క్ అభిమానులకు ఇక్కడ పని లేదని ఇంకొకాయన. నిర్వాహకులతో చెప్పి పేజీకి సంరక్షణ, అంటే ఎవరుపడితే వాళ్లు దిద్దకుండా తాళం, పెట్టించనా అని అడిగావు. వద్దు తల్లీ. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి బూతులు రాసి పోతుంటే తాళం వేయాల్సిందే. ఇది చదువుకున్నవాళ్ల తగాదా. ఇప్పుడు తాళం పడితే, ఆ క్షణానికి పేజీలో ఎవరి వాక్యం ఉంటే వాళ్లు గెలిచినట్టు.

నువ్వు చేయాల్సింది వేరే ఉంది. ఎవరు దిద్దాలి అన్న మాట వచ్చినప్పుడల్లా, చర్చ పేజీలో నెమ్మదిగా అడుగు: ఏ వాక్యం మీద అభ్యంతరం, మీ మూలం ఏది?

మతం విభాగమే తీసుకో. ఒకాయన 'మతాన్ని రాజ్యం నుంచి వేరు చేశారు' అని రాస్తాడు, రెండో ఆయన చెరిపేసి 'మతాన్ని తొక్కేశారు' అంటాడు. రెండూ తీర్పులే. ముందు జరిగింది పెట్టు. 1924 మార్చి 3న ఖలీఫా పదవిని రద్దు చేశారు. అదే రోజు మత వ్యవహారాల కోసం దియానెత్ అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. 1928లో ఇస్లాం రాజ్యమతం అన్న మాటను రాజ్యాంగంలోంచి తీసేశారు. 1932లో మొదలుపెట్టి 1950 దాకా అజాన్‌ను అరబ్బీలో కాక టర్కిష్‌లో ఇప్పించారు. 1931లో అతాతుర్క్ పార్టీ కార్యక్రమంలో చేరిన ఆరు బాణాలు, అంటే కెమాలిజం ఆరు సూత్రాలు, 1937లో రాజ్యాంగంలోకి ఎక్కాయి. ఇవన్నీ వరసగా పెట్టాక, దీన్ని విముక్తి అన్న చరిత్రకారులెవరో, అణచివేత అన్నవాళ్లెవరో పేర్లతో రాయి. ఆ పేర్లు లేకపోతే ఆ తీర్పు నీదే అనుకుంటారు, మళ్లీ మొదటికొస్తుంది.

టర్కిష్ వచ్చిన ఆయన్ని దూరం చేసుకోకు. ఆయన చదవగలిగిన పుస్తకాలు నువ్వూ నేనూ చదవలేం. పుస్తకం పేరు, పేజీ నంబరు, అసలు వాక్యం చర్చ పేజీలో పెట్టమని గౌరవంగా అడుగు. ఆయన భాషాజ్ఞానం పేజీకి అలా పనికొస్తుంది. దానివల్ల ఆయనకు మిగతావాళ్లను ఆపే హక్కు మాత్రం రాదు.

ఎవరినీ అసలు పేరు, ఊరు అడగొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను. అతాతుర్క్ స్మృతిని అవమానిస్తే జైలుశిక్ష వేసే చట్టం టర్కీలో 1951 నుంచీ ఉంది. అక్కడ కూర్చుని రాసేవాళ్లు ఒక మాట మెత్తగా రాశారంటే, దాని వెనక భయం ఉండొచ్చు. 2017 ఏప్రిల్ 29న ఆ దేశం మొత్తం వికీపీడియానే ఆపేసింది. రాజ్యాంగ న్యాయస్థానం అది భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని తేల్చాక, 2020 జనవరి 15న గానీ మళ్లీ తెరుచుకోలేదు. అంతకాలం తమ దేశం గురించిన పేజీలను అక్కడివాళ్లు మామూలుగా చూడను కూడా చూడలేకపోయారు. అందుకే ఫలానావాళ్లు దిద్దకూడదు అన్న మాట ఎటువైపు నుంచి వచ్చినా నాకు ఒళ్లు మండుతుంది.

నీ వాక్యాన్ని ఎవరైనా రద్దు చేస్తే, వెంటనే తిరగ్గొట్టకు. ఇంగ్లీషు వికీలో ఒక పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి అలా చేస్తే నిషేధం దాకా వెళ్తుంది. అయినా అంతదాకా ఎందుకు? ఒక్కసారి రద్దయిందంటేనే చర్చ పేజీకి వెళ్లాలని అర్థం. ఆ రాత్రికి తప్పు వాక్యం ఉంటే ఉండనీ.

తూర్పు టర్కీలోని దెర్సిమ్ ప్రాంతం గురించిన విభాగం మాత్రం ఇంకా మొదలుపెట్టకు. 1937-38లో అక్కడి సైనిక చర్యలో ఎంతమంది చనిపోయారన్న దానిపై ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. అప్పటి ప్రధాని ఎర్దొవాన్ 2011లో రాజ్యం తరఫున క్షమాపణ చెప్పాడు, దాన్నీ రాజకీయం అన్నవాళ్లున్నారు. ముందు ఏ సంఖ్య ఏ మూలంలో ఉందో ఒక పట్టిక వేసి చర్చ పేజీలో పెట్టు, ఆ ఇద్దరినీ పిలిచి చూడమను. వారం ఆగి, వాళ్లేమన్నారో నాకు రాయి.

మీ పెదనాన్న