మాస్కు ఇచ్చేస్తే పని అయిపోయినట్టేనా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది అనకాపల్లి జిల్లా. మా నాన్న పదేళ్లుగా ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి మందును ద్రవం నుంచి వేరుచేసే యంత్రం) దగ్గర పనిచేస్తున్నారు. ఎండీసీ అనే సాల్వెంటు (కరిగించే ద్రవం) వాడిన రోజు ఇంటికి వచ్చాక కూడా తలనొప్పి, మత్తుగా ఉంటుందంటారు. కంపెనీ మాస్కు ఇచ్చింది. ఇలాంటి కార్మికుల ఆరోగ్యాన్ని చూసుకునే ఉద్యోగం ఏదైనా ఉందా? లెక్చరర్లేమో క్యూసీలో (నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో) చేరమంటున్నారు.

జవాబు: ముందు నాన్నగారి తలనొప్పి సంగతి చూద్దాం. మీరు అడిగిన ఉద్యోగం ఎలాంటిదో అందులోనే తెలుస్తుంది.

మీరు పుస్తకంలో డైక్లోరోమీథేన్‌గా చదివినదే ప్లాంటులో ఎండీసీ. దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మన మే నెల ఎండే దానికి పొయ్యి. ఆవిరి గాలికంటే సుమారు మూడు రెట్లు బరువు కనుక గుంతల్లో, ట్యాంకు అడుగున పేరుకుంటుంది. పీల్చినదానిలో కొంత భాగాన్ని మన ఒళ్లు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారి ప్రాణం తీసేది అదే. ఒంటి కొవ్వులో నిలిచిన సాల్వెంటు నుంచి షిఫ్టు దిగాక కూడా అది తయారవుతూనే ఉంటుంది. నాన్నగారి తలనొప్పికి కారణం అదే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. డాక్టర్‌కు చూపించండి. ‘కెమికల్ కంపెనీలో పని’ అని ఊరుకోకుండా సాల్వెంటు పేరు చెప్పాలి, షిఫ్టు దిగిన వెంటనే రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్) చూడాలా అని అడగాలి. సిగరెట్ అలవాటు, గుండె జబ్బు ఉంటే ఆ మాటా దాచకూడదు.

ఇక మాస్కు. బొగ్గు క్యాట్రిడ్జి (గాలిని వడకట్టే డబ్బా) ఉన్న మామూలు మాస్కును ఎండీసీ చాలా త్వరగా దాటేస్తుంది. అందుకే అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1997లో ఈ సాల్వెంటుకు నిబంధనలు పెట్టినప్పుడు రోజువారీ పనికి ఆ రకం మాస్కును ఒప్పుకోలేదు. గొట్టం ద్వారా బయటి శుభ్రమైన గాలి అందించేదే వాడాలంది. పల్చటి నైట్రైల్ గ్లౌజు సంగతీ అంతే, నిమిషాల్లో దాటి చర్మానికి చేరుతుంది. ‘వాసన రావడం లేదు కదా’ అనే ధైర్యం అన్నిటికంటే చెడ్డది. ఓషా పెట్టిన ఎనిమిది గంటల సగటు పరిమితి 25 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు. 2024లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ తన నిబంధనల్లో 2 పీపీఎమ్మే పెట్టింది. చాలామంది ముక్కుకు ఈ వాసన తెలిసేది వందల్లోకి వెళ్లాకే.

ఈ లెక్కలు కట్టి, ‘ఈ పని ఇలా చేయకూడదు’ అని చెప్పే మనిషిని ఇండస్ట్రియల్ హైజీనిస్ట్ అంటారు. ఆపరేటర్ షిఫ్టు ఎక్కేటప్పుడు ఆయన నడుముకు అరచేతిలో పట్టే పంపు కడతారు. దాని గొట్టం భుజం మీదుగా కాలరు దాకా వస్తుంది. కొసన వేలంత పొడవు, పెన్సిలంత సన్నం ఉన్న గాజు నాళిక, లోపల నల్లటి బొగ్గు రవ్వలు. రెండు చివరలూ విరిచి తగిలిస్తే ఆయన ముక్కు దగ్గరి గాలే అందులోంచి పోతుంది. మధ్యలో నాళికలు మారుస్తూ, బొగ్గు ఎంత ఎండీసీని పట్టిందో తర్వాత ల్యాబ్‌లో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అనే పరికరం మీద చూస్తారు.

అంకె ఒక్కటీ చాలదు, పక్కన నిలబడి చూడాలి. ఎక్కువ మోతాదు ఒంట్లోకి వెళ్లేది బహుశా సెంట్రిఫ్యూజ్ మూత తీసి, లోపలికి వంగి, సంచిలోని తడి కేకును (ద్రవం పోగా మిగిలిన మందు ముద్దను) తోడే ఆ పది పదిహేను నిమిషాల్లోనే. దానికి విరుగుడు మాస్కు కాదు. కేకును కిందినుంచి దించే యంత్రం పెట్టవచ్చు, మూత తీసేముందు నైట్రోజన్‌తో ఆరబెట్టవచ్చు, అంచు దగ్గరే ఆవిరిని లాగేసే ఎగ్జాస్ట్ పెట్టవచ్చు. అసలు సాల్వెంటే మార్చి ఇథైల్ అసిటేట్ వాడితే? అది ఇట్టే అంటుకుంటుంది. ఎండీసీ అంత తేలిగ్గా అంటుకోదనే చాలామంది దాన్ని వదలరు. తలనొప్పి పోగొట్టబోయి అగ్ని ప్రమాదం తెచ్చుకోకుండా చూడాలంటే మీ కెమిస్ట్రీ కావాలి.

అందుకే మీ లెక్చరర్ల మాటతో నేను ఏకీభవించను. క్యూసీలో ఏసీ ఉంటుంది, కాదనను. కానీ మీరు ప్రొడక్షన్‌లో ట్రైనీ కెమిస్టుగా చేరండి. ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, ఈ పనికి దారి తీసే సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే కెమిస్ట్రీ డిగ్రీవారికి ఫ్యాక్టరీలో 5 ఏళ్ల పర్యవేక్షణ అనుభవం, రాష్ట్రం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉండాలి. క్యూసీ బెంచి దగ్గర గడిపిన ఏళ్లను అలా చూపించుకోవడం కష్టం. అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష రావాలన్న షరతు కూడా ఉంది. మీకు అది పుట్టుకతోనే వచ్చింది.

డిప్లొమాకు ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని ప్రాంతీయ సంస్థ మంచివి. ఏడాది కోర్సు. మా దగ్గరకు వచ్చేవారిలో సగంమంది నెబోష్ అనే బ్రిటిష్ సేఫ్టీ సర్టిఫికెట్ గురించి అడుగుతారు. గల్ఫ్ వెళ్లేవారికి అది పనికొస్తుంది, ఇక్కడి చట్టబద్ధమైన పోస్టుకు అదొక్కటే చాలదు. 2025 నవంబర్ 21న ఫ్యాక్టరీల చట్టం స్థానంలో కొత్త వృత్తి భద్రత కోడ్ అమలులోకి వచ్చింది కాబట్టి, ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు దానికి గుర్తింపు ఉందో లేదో రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖను రాతపూర్వకంగా అడగండి. మొదట్లో జీతం గొప్పగా ఉండదు. పైగా ‘నీ వల్ల బ్యాచ్ ఆలస్యమైంది’ అనే మాట పడాలి.

ఈలోగా ఒక పని చేయండి. నాన్నగారి ప్లాంటులో ఎండీసీకి సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది, అడిగి తెప్పించండి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో సవరించిన ఫ్యాక్టరీల చట్టం కార్మికుడికి ఆ సమాచారం అడిగే హక్కు ఇచ్చింది, కొత్త కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. అందులో ఏ మాస్కు, ఏ గ్లౌజు వాడాలో చెప్పే 8వ భాగం తీసి, నాన్నగారి మాస్కు క్యాట్రిడ్జి మీద రాసి ఉన్నదానితో పోల్చి చూడండి. రెండూ కలవకపోతే సేఫ్టీ కమిటీలోని కార్మిక ప్రతినిధి చేత అడిగించండి, నాన్నగారిని ఒంటరిగా ముందుకు తోయకండి.