కబడ్డీ కోర్టులో పిల్ల పడిపోయినప్పుడు: పీఈటీ (ఆటల టీచరు) అయిన మేనకోడలికి లేఖ

చిరంజీవి స్వాతికి,

అత్త ఆశీస్సులు. నువ్వు గురుకులంలో చేరినట్టు మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కబడ్డీ టీమ్ నీకే అప్పగించారట, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) జోనల్ పోటీలకు కూడా నువ్వే తీసుకెళ్లాలట. సంతోషం. ఆట నేర్పే విషయంలో నీకు నేను చెప్పేదేమీ లేదు, నాకంటే నువ్వే బాగా ఆడావు. బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ)లో ఫస్ట్ ఎయిడ్ పేపర్ కూడా రాశావు. కానీ పరీక్షలో రాయడం వేరు, విజిల్ నోట్లో ఉండగానే పిల్ల పడిపోయి లేవకపోవడం వేరు.

నేను పీడీ (ఫిజికల్ డైరెక్టర్)గా చేసినన్నాళ్లూ మైదానాల్లో చూసింది ఒకటే. భుజం జారిన పిల్ల చుట్టూ నలుగురు చేరి చెయ్యి పట్టుకుని లాగుతారు. కుప్పకూలి ఉలుకూ పలుకూ లేని పిల్ల మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయరు. నీళ్లు చల్లుతారు, అట్టముక్కతో విసురుతారు, ఆటో కోసం పరిగెడతారు. జరగాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. దెబ్బ ఎముకకో కీలుకో అయితే నీ చేతులు ఆపుకో. గుండె విషయమైతే నీ రెండు చేతులూ వెంటనే ఆ పిల్ల ఛాతీ మీద ఉండాలి. నీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే.

ముందు గుండె సంగతి. అది అరుదే, కానీ జరిగినప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

పడిపోయిన పిల్లను భుజాలు తట్టి గట్టిగా పిలువు. పలకలేదు, ఊపిరి మామూలుగా తీయడం లేదు. ఈ రెండూ కనిపిస్తే గుండె ఆగిందనే అనుకో. నాడి వెతుకుతూ కూర్చోకు, ఆ గాభరాలో నీ నాడే నీ వేళ్లకు తెలుస్తుంది. ఇక్కడ రెండు విషయాలు అందరినీ మోసం చేస్తాయి. ఒకటి, గుండె ఆగాక కూడా కాసేపు నోరు తెరిచి ఎగశ్వాస లాగా గుర్రుమని గాలి పీలుస్తారు. చూసినవాళ్లు ‘ఊపిరి ఆడుతోంది’ అంటారు. అది ఊపిరి కాదు. రెండోది, మెదడుకు రక్తం అందక కాళ్లూ చేతులూ కొద్దిసేపు కొట్టుకుంటాయి. వెంటనే ఎవరో ఒకరు ‘ఫిట్స్’ అంటారు, ఇంకొకరు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు. తాళాలు ఫిట్స్‌కీ పనిచేయవు, గుండెకీ పనిచేయవు. ఆడుతూ ఆడుతూ పడిపోయి, కొట్టుకుని, ఆ తర్వాత మామూలు ఊపిరి లేకపోతే మొదలుపెట్టాల్సింది సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ ఆగిన గుండె పనిని మన చేతులతో చెయ్యడం.

వెల్లకిలా పడుకోబెట్టు. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగం పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నీ బరువంతా వేసి నొక్కు. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఇవ్వడం వచ్చినవాళ్లుంటే 30 నొక్కులకు రెండు ఊపిరులు. రాకపోతే నొక్కడం ఒక్కటే ఆపకుండా చెయ్యి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, ఎందుకంటే అలసిపోయిన చేతులు లోతుగా నొక్కలేవు, ఆ సంగతి నొక్కేవాళ్లకు తెలియదు కూడా. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడకు. విరిగితే అతుక్కుంటుంది.

నువ్వు నొక్కుతుండగానే ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చెయ్యాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆ సర్వీసు మొదలైనప్పటి నుంచి మనకు ఒక అలవాటు పట్టుకుంది. ఫోన్ చేశాక మన పని అయిపోయిందనుకుంటాం. సీపీఆర్, గుండెకు యంత్రంతో ఇచ్చే కరెంటు షాక్ రెండూ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మీ గురుకులం ఊరికి ఎంత దూరమో, బండి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకో. ఆ కాసేపు గుండె పని చేయాల్సింది నీ చేతులే.

ఆడపిల్లల బడి కాబట్టి ఇంకో మాట. మగవాళ్లు, ఒక్కోసారి ఆడ టీచర్లు కూడా, అమ్మాయి ఛాతీ మీద చెయ్యి వేయడానికి వెనకాడతారు. నలుగురూ ఏమంటారోనని. బయటి పోటీల్లో రిఫరీలు, తోటి కోచ్‌లు ఎక్కువగా మగవాళ్లే ఉంటారు. పోటీ మొదలయ్యేముందే వాళ్లతో నువ్వే మాట్లాడు: ‘మా పిల్ల పడిపోతే ఎవరు దగ్గరుంటే వాళ్లు మొదలుపెట్టండి, అనుమతి నేనిస్తున్నా.’ ఇద్దరు అమ్మాయిలు చున్నీ అడ్డం పట్టొచ్చు, కానీ చున్నీ వచ్చేదాకా ఆగకూడదు.

ఆ షాక్ ఇచ్చే ఏఈడీ అనే యంత్రం గురించి చదివే ఉంటావు. పెద్ద స్టేడియాల్లో, ఎయిర్‌పోర్టుల్లో గోడకు తగిలించి ఉంటుంది. ఆన్ చేస్తే ఏం చెయ్యాలో అదే చెబుతుంది. చెమట తుడిచి, పట్టీలు రెండూ బట్టల మీద కాకుండా నేరుగా చర్మానికి అంటించాలి. షాక్ అవసరం లేని గుండెకు అది షాక్ ఇవ్వదు, కాబట్టి పొరపాటున చంపేస్తామన్న భయం వద్దు. లక్ష రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. పూర్వ విద్యార్థులు సరస్వతీదేవి విగ్రహానికి చందాలు వేసుకుంటుంటే ఈ సంగతి వాళ్ల చెవిన వెయ్యి. అమ్మవారు ఏమీ అనుకోదు.

ఇది ఎందుకు వస్తుందో కూడా తెలిసి ఉండాలి. కబడ్డీలో డాష్ కొట్టినప్పుడు రైడర్ ఛాతీకి డిఫెండర్ భుజం తగులుతుంది. క్రికెట్లో, హాకీలో బంతి తగులుతుంది. గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే క్రమంలో, సెకనులో రెండు మూడు వందో వంతులంత చిన్న సందు ఒకటి ఉంటుంది. దెబ్బ సరిగ్గా గుండె మీద, సరిగ్గా ఆ సందులో పడితే, ఏ జబ్బూ లేని గుండె కూడా లయ తప్పి ఊరికే వణకడం మొదలుపెడుతుంది. ఎముక విరగదు, చర్మం కమలదు. ఛాతీ గోడ ఇంకా మెత్తగా ఉండే పిల్లల్లోనే ఇది ఎక్కువ. 2023 జనవరి 2న అమెరికాలో డమార్ హామ్లిన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడికి జరిగింది ఇదే. ఢీకొట్టి లేచి నిలబడ్డాడు, రెండు క్షణాలకే వెనక్కి పడిపోయాడు. మైదానంలోనే సీపీఆర్ చేసి షాక్ ఇచ్చారు. బతికాడు, అదే ఏడాది మళ్లీ ఆడాడు. అందుకే చెబుతున్నా, ఛాతీకి దెబ్బ తగిలిన పిల్ల లేచి నిలబడగానే నీ చూపు తిప్పుకోకు.

దెబ్బకు ఊపిరి బిగుసుకుపోవడం వేరు. కడుపు పైభాగంలో తగిలితే నోరు తెరిచినా గాలి రాక గిలగిల్లాడుతుంది, కానీ స్పృహ ఉంటుంది, నిన్ను చూస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకుండా ఆయాసం పెరుగుతూ పోతే పక్కటెముకో ఊపిరితిత్తో చూడాలి. ఆసుపత్రికి పంపెయ్.

దెబ్బే తగలకుండా పడిపోయేవాళ్లు ఇంకొందరు. 2021 జూన్ 12న యూరో కప్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సెన్ దగ్గర ఎవరూ లేకుండానే కూలిపోయాడు. అతన్నీ సీపీఆర్, షాకే కాపాడాయి. తర్వాత ఛాతీలో చిన్న యంత్రం అమర్చుకుని 2022 ప్రపంచ కప్ ఆడాడు. ఇలా పడిపోయే చిన్న వయసు వాళ్లలో కొందరికి పుట్టుకతో వచ్చిన గుండె కండరం జబ్బు ఉంటుంది. మనవాళ్లలో ఇది తక్కువేమీ కాదు. గుండె కండరాన్ని బలహీనపరచగల ఒక జన్యు మార్పు దక్షిణాసియా వాళ్లలో సుమారు 4 శాతం మందిలో ఉందని మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లోనే ప్రకటించారు. అది ఉన్న ప్రతి ఒక్కరికీ చిన్నప్పుడే జబ్బు రాదులే, భయపడకు. కానీ ఇంటి చరిత్ర అడగాలి.

అడగడంలో కూడా పద్ధతి ఉంది. ‘మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?’ అంటే ‘లేదు మేడమ్’ అంటారు. ‘చిన్న వయసులో, ఏ రోగం లేకుండా, ఉన్నట్టుండి ఎవరైనా పోయారా?’ అని అడుగు. అప్పుడు వస్తాయి కథలు: చిన్నాన్న నిద్రలోనే పోయాడనీ, మేనమామకు దిష్టి తగిలిందనీ, ఈత బాగా వచ్చినవాడే బావిలో మునిగాడనీ. దిష్టి అన్న చోట ఈసీజీ అని రాసుకో.

పిల్లల్ని వేరే అడుగు, అమ్మానాన్నల ముందు కాదు. అసెంబ్లీలో ఎండకు నిలబడి కళ్లు తిరిగి పడిపోయే పిల్లలు నీకు రోజూ కనిపిస్తారు. మన దేశంలో ఆ వయసు ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తం తక్కువ వాళ్లే, పైగా పొద్దున టిఫిన్ తినరు. పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే నిమిషంలో తేరుకుంటారు, హిమోగ్లోబిన్ చూపించు. కానీ పరుగు మధ్యలో, కూత మధ్యలో స్పృహ తప్పిన పిల్ల, ఆడేటప్పుడు ఛాతీ నొప్పి, గుండె దడ అన్న పిల్ల, ఐదు నిమిషాల్లో నవ్వుతూ లేచినా సరే, ఈసీజీ, ఎకో తీయించి గుండె డాక్టరు సరేననేదాకా ఆడకూడదు. ఫైనల్ మ్యాచ్ అయినా, ఆమే కెప్టెన్ అయినా. ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ప్రభుత్వ ఆరోగ్య పరీక్షల కార్యక్రమం) వాళ్లు బడికి వచ్చినప్పుడు నీ టీమ్ పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టు. వైరల్ జ్వరం తగ్గిన మర్నాడే కోర్టులోకి దింపకు. జ్వరం తర్వాత ఆయాసం, దడ ఉంటే గుండె కండరానికి వాపు వచ్చి ఉండొచ్చు. అదే అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆట బంద్.

ఇక చేతులు ఆపుకోవాల్సిన దెబ్బలు.

భుజం జారితే చూడగానే తెలుస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన భుజం మూలదేరి, ఎముక ముందుకు పొడుచుకొస్తుంది. పిల్ల రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని కదలనివ్వదు. డిఫెండర్లు చేతులు పట్టుకుని చైన్ వేసినప్పుడు ఒకరు అటూ ఒకరు ఇటూ లాగితే ఇది జరుగుతుంది. లాగి ఎక్కించడానికి వచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్లో ఒకడుంటాడు, దగ్గరికి రానివ్వకు. భుజం చుట్టూ తిరిగే నరం తెగొచ్చు, లోపల ఎముక చిట్లి ఉంటే లాగినప్పుడు ఇంకా విరుగుతుంది. నువ్వు చెయ్యాల్సింది కొంచెమే. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్. భుజం బయటివైపు చర్మం మీద వేలితో తాకి స్పర్శ తెలుస్తోందా అని అడుగు, మణికట్టు నాడి చూడు, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రబడుతోందా చూడు. ఈ మూడూ చీటీ మీద రాసి పంపితే డాక్టరుకు ఎంతో మేలు. చెయ్యి ఏ స్థితిలో పట్టుకుని ఉందో అలాగే ఒక చున్నీతో మెడకు వేలాడదీసి, రెండో చున్నీతో ఒంటికి కట్టెయ్. మత్తు ఇవ్వాల్సి రావొచ్చు కాబట్టి టీ, బిస్కెట్లు పెట్టొద్దు. ఎక్స్‌రే తీశాకే ఎక్కించాలి. ఇరవై ఏళ్లలోపు ఒకసారి జారిన భుజం చాలామందికి మళ్లీ జారుతుంది. కాబట్టి నొప్పి తగ్గగానే కాదు, ఫిజియోథెరపీతో రెండు భుజాలకూ సమానంగా బలం వచ్చాకే ఆట.

పుత్తూరు కట్టు సంగతి తల్లిదండ్రులు తప్పకుండా ఎత్తుతారు. వాళ్ల నమ్మకంతో గొడవ పెట్టుకోకు. ‘ముందు ఎక్స్‌రే తీయిద్దాం’ అను. ఎవరు కట్టిన కట్టు అయినా, అది ఆసుపత్రిలో వేసినదైనా సరే, వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, వేలు చాపితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టినా ఆ రాత్రే విప్పించాలి. తెల్లారేదాకా ఆగితే చెయ్యే పోవచ్చు.

కాలర్ బోన్ (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) విరిగితే చాలావరకు చెయ్యి వేలాడదీస్తే అదే అతుక్కుంటుంది. చర్మం గుడారంలా పైకి లేచి తెల్లబడితే, లేదా గొంతు దగ్గరి చివర లోపలికి కుంగి మింగడానికీ ఊపిరికీ ఇబ్బంది ఉంటే పరుగు మీద తీసుకెళ్లు.

అరచేయి ఆన్చి పడ్డాక ‘బెణికింది’ అనే మణికట్టును నమ్మకు. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది చూడు, అక్కడ నొక్కితే నొప్పి ఉందంటే లోపలి చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు. కట్టు ఉంచి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి. ఆ ఎముకకు రక్తం అందే దారి సన్నం, వదిలేస్తే అతుక్కోకుండా చచ్చుపడిపోతుంది.

కబడ్డీవాళ్లు అసలు పట్టించుకోనివి వేళ్లు. వేలికి తగలగానే పక్క పిల్ల పట్టుకుని లాగి ‘టక్’మనిపిస్తుంది. మాన్పించు. వేలి చివర వాలిపోయి దానంతటది లేవకపోతే, బద్ద కట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు నిటారుగా ఉంచాలి. స్నానానికి తీసినప్పుడు ఒక్కసారి వంగినా లెక్క మళ్లీ మొదటికే. దీనికి రివర్స్ ఇంకోటుంది. రైడర్ జెర్సీ పట్టుకుని లాగినప్పుడు వేలిని వంచే లోపలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) తెగి వేలి కొస వంగకుండా పోతుంది, ఎక్కువగా ఉంగరపు వేలికి. పిడికిలి బిగించమంటే ఆ ఒక్క వేలు చాచే ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి నెలకో రెండు నెలలకో చూపిస్తారు. ఆపరేషన్ వారం పది రోజుల్లోపే జరగాలి.

నొప్పి స్ప్రే డబ్బా ఒకటి నీ బ్యాగులో ఎలాగూ ఉంటుంది. కమిలిన చోట కొట్టు, తప్పులేదు. కానీ ఏం తగిలిందో తేల్చుకోకముందే స్ప్రే కొట్టి మళ్లీ కోర్టులోకి పంపొద్దు. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెడితే చాలు.

వచ్చే ఆదివారం ఇటు రా. గట్టి దిండు మీద రెండేసి నిమిషాలు నొక్కి చూపిస్తాను, చేతులు ఎంత త్వరగా పీకుతాయో నీకే తెలుస్తుంది. తర్వాత అదే మీ సీనియర్ పిల్లలకు నేర్పు. నువ్వు ఆఫీసు రూంలో ఉన్నప్పుడు కోర్టులో ఉండేది వాళ్లే.

వచ్చేటప్పుడు మీ నాన్న ఈసీజీ కాగితాలు కూడా తీసుకురా. అడిగితే ‘గ్యాసే అక్కా’ అంటున్నాడు. మెట్లెక్కితేనే వచ్చి కూర్చుంటే పోయే ఆ గ్యాస్ ఏమిటో నేనూ చూస్తాను.

ఇట్లు,
మీ అత్త