వాకాడు దగ్గర రెండెకరాలు కొనవచ్చా?

ప్రశ్న: నాకు 59 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను, వచ్చే ఏడాది విరమణ. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 42 లక్షలు చేతికి వస్తాయి. 2009లో 14 లక్షలకు కొన్న ఫ్లాట్ ఇప్పుడు 60 లక్షలు పలుకుతోంది. లాక్‌డౌన్, ఆ తరువాత 2021 నవంబరు వరద చూశాక, ఎవరి మీదా ఆధారపడకుండా పండించుకొని తినాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాం. వాకాడు మండలంలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో రెండెకరాలు 36 లక్షలకు చూశాం. ఫ్లాట్ అమ్మి కొనేయవచ్చా? ఈ నెలాఖరులోగా రెండు లక్షలు అడ్వాన్సు ఇవ్వమని దళారి ఒత్తిడి చేస్తున్నాడు.

జవాబు: మీ కోరికను నేను తప్పుపట్టను, కానీ ఫ్లాట్ అమ్మడం, అడ్వాన్సు ఇవ్వడం రెండూ ఇప్పటికి ఆపండి. ఆపదకు సిద్ధంగా ఉండటమంటే భూమి చేతిలో ఉండటమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఆపద వచ్చిన వారంలో అక్కరకు వచ్చేవి తాగే నీళ్లు, చేతిలో నగదు, దగ్గరలో ఆసుపత్రి. భూమి అమ్ముడుపోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

మొదట వరద సంగతి. 2021లో మిమ్మల్ని భయపెట్టిన స్వర్ణముఖి నది తిరుపతి దాటి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వాకాడు వైపే వెళ్లి సముద్రంలో కలుస్తుంది. అంటే మీరు ఏ నీటి నుంచి దూరంగా పోవాలనుకుంటున్నారో ఆ నీటి దారి చివరనే ఇల్లు కట్టుకోబోతున్నారు. మన తీరానికి వర్షాలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతోనూ తుపానులతోనూ వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినా, అంతకుముందే మన తీర మండలాలను కుండపోత వాన ముంచెత్తింది. కాబట్టి పొలం చూడవలసింది ఎండిన నేల మీద నిలబడి కాదు. వాన వెలిసిన మూడో రోజున వెళ్లి, నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలిచిపోయాయో చూడాలి.

దీనికంటే పెద్ద సంగతి వేసవి నీళ్లు. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో తీపి నీరు ఉప్పునీటి మీద తేలే పలుచని పొరలా ఉంటుంది. లోతుగా బోరు దింపి గట్టిగా తోడితే కింది ఉప్పునీరు పైకి లేస్తుంది. అందుకే అక్కడి పాతకాలపు రైతులు దొరువులు, అంటే లోతు లేని నీటి గుంటలు, తవ్వుకొని పైపై నీటితో సరిపెట్టుకున్నారు. డిసెంబరులో తియ్యగా ఉన్న నీళ్లు మే నెలలో నోట పెట్టలేనంత మారిపోవచ్చు, పక్కన రొయ్యల గుంటలు ఉంటే ఆ మార్పు ఇంకా వేగంగా వస్తుంది. కొన్నేళ్ల క్రితం నా ఖాతాదారు ఒకరితో కలిసి తీరం వైపు ఒక పొలం చూడటానికి వెళ్లాను. బోరు నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయని దారి పొడవునా దళారి చెబుతూనే ఉన్నాడు. పక్క ఇంటి అరుగు మీద కూర్చొని మంచినీళ్లు అడిగితే, ఆ ఇల్లాలు పెరట్లో ఉన్న బోరు వైపు చూడనైనా చూడలేదు. లోపలికి వెళ్లి, కొన్న క్యాను వంచి గ్లాసు నింపి తెచ్చింది. మేము అడ్వాన్సు మాట ఎత్తకుండానే తిరిగి వచ్చాం. మీరు మే నెల మూడో వారంలో మీరు చూసిన పొలంలోనూ, నాలుగు వైపులా పొరుగు బోర్లలోనూ నీళ్లు పట్టి పరీక్ష చేయించండి. లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి మంచిది. 2000 దాటితే తాగడానికి పనికిరాదు, చాలా కూరగాయలకు కూడా కష్టమే.

ఇక తిండి లెక్క చూద్దాం. ఇద్దరికి ఏడాదికి రెండు వందల కిలోల బియ్యం చాలు, అంటే ఇంచుమించు మూడు వందల కిలోల వడ్లు. అక్కడి కొలతలో పుట్టి అంటే 850 కిలోలు, మీకు అర పుట్టి కూడా అక్కర్లేదు. ఒక మోస్తరు మాగాణిలో ఇరవై సెంట్లతోనే ఆ గింజలు వస్తాయి. అవే బియ్యం అంగట్లో కిలో అరవై చొప్పున కొన్నా ఏడాదికి పన్నెండు వేలు. ఈ పన్నెండు వేల కోసం 36 లక్షలు భూమిలో పెట్టనవసరం లేదు. స్వయంసమృద్ధి మీ ఆశయమైతే యాభై సెంట్లలో కూరగాయలు, నాలుగు కొబ్బరి చెట్లు, గాలికి అడ్డంగా ఒక వరస సరుగుడు, రెండు ఆవులు సరిపోతాయి. ఆవులకు పాలు పితికే మనిషి మాత్రం ప్రతి పొద్దూ ఉండాలి, అరవై దాటాక ఈ సంగతి తేలికగా తీసుకోకండి.

పన్ను విషయంలో చాలామంది పొరపడే చోటు ఒకటి ఉంది. ఫ్లాట్ అమ్మితే వచ్చే లాభం మీద 12.5 శాతం, లేదా ధరల పెరుగుదలను సర్దుబాటు చేసి 20 శాతం, ఏది తక్కువైతే అది కట్టాలి. మీ అంకెలకు ఇది సుమారు ఐదు లక్షలు తేలుతుంది. ఆ డబ్బుతో వ్యవసాయ భూమి కొంటే మినహాయింపు రాదు, గడువులోగా ఇల్లు కొనడమో కట్టడమో చేస్తేనే వస్తుంది. దానికి తోడు 36 లక్షల మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు సుమారు ఏడున్నర శాతం, అంటే 2.7 లక్షలు. ఒక్క గింజ పండకముందే ఏడెనిమిది లక్షలు ఖర్చన్నమాట.

కాగితాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1బి (భూమి ఎవరి పేర ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) చూసుకోండి. డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) అయితే, ఇరవై ఏళ్లు దాటింది, ఇక అమ్ముకోవచ్చు కదా అని దళారి ఎంత నచ్చజెప్పినా, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు లేదని తేలేవరకు ముందుకు పోకండి. తీర నియంత్రణ నిబంధనలు సముద్రపు ఒడ్డుకే కాక, పోటు నీరు ఎక్కే కాలువల గట్లకు కూడా వర్తిస్తాయి. రెండు కిలోమీటర్ల దూరం ఉంది కదా అని ధీమా పడవద్దు.

నా సూచన ఇది. చేతికి వచ్చే 42 లక్షల్లో 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో వేయండి. 2023 ఏప్రిల్ నుంచి దాని గరిష్ఠ పరిమితి అదే. ఇప్పటి 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకు ఒకసారి 61,500 వస్తుంది. ఆరు లక్షలు రెండు బ్యాంకుల్లో, వెంటనే తీసుకోగలిగేలా ఉంచండి. తుపాను వేళ కరెంటు పోతే ఏటీఎం పనిచేయదు, మోటారూ తిరగదు. కాబట్టి ఇంట్లో కొంత నగదు, పది రోజులకు సరిపడే మూడు వందల లీటర్ల తాగునీరు తప్పనిసరి. అక్కడ ఇల్లు కడితే దానికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి, అది తుపాను, వరద నష్టాలను భరిస్తుంది. పంటకు, పశువులకు మాత్రం వేరే బీమా కావాలి.

మిగిలిన ఆరు లక్షల్లో కొంత పెట్టి అదే ఊళ్లో ఒక ఇల్లు అద్దెకు, అర ఎకరం కౌలుకు తీసుకొని, సెప్టెంబరు నుంచి మే నెలాఖరు వరకు ఉండి చూడండి. తిరుపతి ఫ్లాట్ అద్దెకిస్తే ఆ ఖర్చులో కొంత అదే తెచ్చిపెడుతుంది. రాత్రి పదింటికి మీ శ్రీమతికి ఛాతీలో నొప్పి వస్తే, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతి పెద్దాసుపత్రికి ఏ వాహనంలో, ఎంతసేపట్లో చేరగలరో ఆ తొమ్మిది నెలల్లోనే ఒకసారి ప్రయాణం చేసి చూసుకోండి. దళారికి మాత్రం మే నెల నీటి పరీక్ష వచ్చాకే మాట్లాడదామని చెప్పండి. ఈలోగా ఆ పొలం వేరొకరు కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి, ఆ తీరంలో అమ్మకానికి పొలాలకు కొదవ లేదు.