తడి చెత్త, పొడి చెత్త: ఐదేళ్ల పిల్లలకు ఎలా?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. చెత్త వేరు చేయమంటే రెండు రోజులు చేసి మానేస్తున్నాడు. ఎలా అలవాటు చేయాలి?

జవాబు: చెత్త మొత్తం వేరు చేయడం ఆ వయసుకు చాలా పెద్ద పని. ఒక్కటే అప్పగించండి, అదీ రోజూ ఒకే వేళకి. ఉదయం టిఫిన్ అయ్యాక అరటిపండు తొక్క తడి చెత్తకు పెట్టిన ఆకుపచ్చ బుట్టలో, బిస్కెట్ కవరు పొడి చెత్తకు పెట్టిన నీలం బుట్టలో. బుట్టలు వాడి నడుము ఎత్తు దాటకూడదు. చదవడం రాదు కాబట్టి మూతల మీద తొక్క, కవరు బొమ్మలు వాడితోనే గీయించి అతికించండి. రెండు మూడు వారాలు తడబడకుండా చేశాక పాల ప్యాకెట్ చేర్చండి. కత్తిరించడం మీ పని. మూల ముక్క పూర్తిగా తెగిపోకుండా కోయండి. విడిపోయిన చిన్న ముక్కలు తడి చెత్తలో కలిసిపోతాయి. కడిగి ఆరబెట్టడం వాడి పని. పాలు మిగిలితే వాసన వచ్చి చీమలు పడతాయి.

పగిలిన గాజు, బ్లేడు, బ్యాటరీ, మందుబిళ్లలు కనిపిస్తే ముట్టుకోకుండా మిమ్మల్ని పిలవాలి. ఇందులో మినహాయింపు వద్దు. పని అయ్యాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించండి.

పిల్లలు మానేయడానికి కారణం తరచుగా పెద్దలే. కూరగాయల తొక్కలు ప్లాస్టిక్ కవర్లో ముడేసి పారేస్తే వాడి శ్రమ వృథా. తప్పు బుట్టలో వేస్తే తిట్టకండి, మీరు తీయకండి, "ఇది ఎందులోకి?" అని అడిగి వాడితోనే మార్పించండి. డబ్బులు, చాక్లెట్లు ఆశ చూపొద్దు, అవి ఆగితే పనీ ఆగుతుంది. చెత్త బండి వచ్చినప్పుడు వెంట తీసుకెళ్లండి. వేరు చేయకపోతే ఆ అన్నో అక్కో చేత్తో ఏరాల్సి వస్తుందని అక్కడే చూపించండి.